లక్ష్మికి తాళంచెవి ఉందా

తుపాకి కొనడానికి వెళ్తూ కూడా సత్యవేణి దారికి పులిహోర కట్టింది. గుడికి వెళ్ళినా, బజారుకు వెళ్ళినా, వేలిముద్రలు ఇవ్వడానికి ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళినా ఆవిడ చేతిలో తినడానికి ఏదో ఒకటి ఉండాల్సిందే. కారు వెనక సీట్లో కూర్చున్న కూతురు హంసిక ఒళ్ళో ఆ డబ్బా వెచ్చగా ఉంది. ముందు సీట్లలో అమ్మా నాన్నా మాట్లాడుకోవడం లేదు. అలాగని పోట్లాడుకోవడమూ లేదు. పోట్లాడుకునే ఓపిక ఇద్దరికీ ఎప్పుడో అయిపోయింది.

హంసికకు పదహారేళ్ళు. గన్నవరం దగ్గర లంకలో తొమ్మిదో తరగతి చదువుతుండగా అమెరికా కాగితాలు వచ్చాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే పెదనాన్న రంగయ్య తమ్ముడి కోసం ఆ కాగితాలు పెట్టేనాటికి ఆ పిల్ల ఉయ్యాల్లో ఉంది. వచ్చాక రెండేళ్ళు పెదనాన్న ఇంటి బేస్‌మెంటులో ఉన్నారు. దానికి వేరే వాకిలి లేదు. బయటికి వెళ్ళాలన్నా, బయటి నుంచి రావాలన్నా పెద్దమ్మ వంటగదిలోంచే దారి. పెద్దమ్మ పల్లెత్తు మాట అనేది కాదు. వీళ్ళు వచ్చిపోయినప్పుడల్లా పొయ్యి మీంచి తలెత్తి ఒకసారి చూసేది, అంతే. ఆ చూపుకు సత్యవేణి చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగేది.

ఈ ఏడాది వేసవిలో నాన్న గోపాలానికి పెన్సిల్వేనియాలో ఒక గిడ్డంగిలో రెండో షిఫ్టు ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం వెళ్తే అర్ధరాత్రి దాటాక వస్తాడు. వరసగా గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్ళలో ఒకటి అద్దెకు తీసుకున్నారు. ఇల్లు చిన్నదే కాని వాకిలి తమది. దిగిన రోజు సాయంత్రం సామాన్లు విప్పకుండానే సత్యవేణి గడప కడిగింది, పసుపు రాసింది, దీపం వెలిగించి వీధి తలుపు బార్లా తెరిచింది. దీపాలవేళ లక్ష్మి ఇంట్లోకి వస్తుంది, ఆ కాసేపూ వీధి తలుపు మూసి ఉండకూడదని వాళ్ళింట్లో పట్టింపు. బేస్‌మెంటులో ఉన్నన్నాళ్ళూ తీయడానికి ఆవిడకో తలుపు లేదు. ఆ రోజు తలుపు పక్కన నిలబడి వీధిలోకి చూస్తున్న అమ్మ మొహం హంసికకు బాగా గుర్తు. అంత తీరిగ్గా ఆవిడ ఎక్కడా నిలబడగా ఆ పిల్ల చూడలేదు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం, తలుపు తీసి ఉండగానే, ఒక మనిషి లోపలికొచ్చాడు. సత్యవేణి పొయ్యి మీద పప్పు అడుగంటుతోందని వంటగదిలోకి వెళ్ళింది. హంసిక మేడమీద ఉంది. మెట్ల దగ్గర తగిలించిన హ్యాండ్‌బ్యాగూ, బల్లమీదున్న స్కూలు లాప్‌టాపూ తీసుకుని ఆ మనిషి బయటికి వెళ్ళిపోయాడు. సత్యవేణి గరిటతో వచ్చేసరికి బూడిదరంగు చొక్కా వీపు ఒక్కటే కనిపించింది. పరుగెత్తలేదు. నడిచి వెళ్ళాడు, తన ఇంట్లోంచి తను పనిమీద వెళ్తున్నట్టు. ఆ నడకే ఆవిడను భయపెట్టింది. పోయిన వస్తువుల గురించి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు కాని, "నడిచెళ్ళాడండీ" అని మాత్రం పదేపదే అనేది.

పోలీసు వచ్చి తలుపంతా తడిమి, పగలగొట్టిన గుర్తులేమీ లేవని రాసుకుని వెళ్ళాడు.

మర్నాడు కూడా సత్యవేణి తలుపు తీసింది. ఈసారి గోడకు వీపు ఆనించి నిలబడి తీసింది. అక్కడి నుంచి మొదలైంది ఇంట్లో గొడవ.

"మూసే ఉంచవే ఆ తలుపు. లక్ష్మి కిటికీలోంచి వస్తుందిలే," అన్నాడు గోపాలం.

"మూసేస్తే ఇదీ బేస్‌మెంటేనండీ."

"అయితే ఆ బేస్‌మెంటుకే పోదాం. అక్కడైతే నలుగురు మనుషులుంటారు. నేను అక్కడ డబ్బాలు మోస్తూ ఇక్కడ మీరేమయ్యారో అనుకుంటూ ఉండలేను."

ఇదే మాట అటు తిప్పి ఇటు తిప్పి రోజూ అనుకున్నారు. చివరికి గిడ్డంగిలో గోపాలంతో పనిచేసే కర్టిస్ అనే అతను, చలికాలంలో జింకల వేటకు పోయేవాడు, ఒక దారి చెప్పాడు. ఇంట్లో ఒక షాట్‌గన్ పెట్టుకో, చవకలోనే వస్తుంది, గొట్టం కింద పంప్ అని ఒక పిడి ఉంటుంది, అది లాగిన చప్పుడు వింటే చాలు ఎలాంటివాడైనా పారిపోతాడు అన్నాడు. గోపాలం ఆ మాటే ఇంటికి తెచ్చాడు.

"నీకు తలుపు తీసుండాలి. సరే, తియ్యి. ఆ తలుపు పక్కన అదుంటుంది. అదీ వద్దంటే లీజు వదిలేసి అన్నయ్య దగ్గరికి పోవడమే. ఇంకో దారి నాకు తోచట్లేదు సత్యా. నాకింక ఓపిక లేదు."

సత్యవేణి తన చేతుల కేసి చూసుకుని, "నాకు పట్టుకోడం వస్తుందంటారా?" అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ తర్వాత గోపాలం రోజూ భోజనం చేస్తూ ఫోనులో తుపాకులు చూశాడు. కూరగాయలు బేరమాడే మనిషి కాబట్టి దీన్నీ అలాగే చూశాడు. కొత్తదా, వాడిందా. అమెరికాలో చేసిందా, టర్కీలో చేసిందా. చెక్క పిడా, ప్లాస్టిక్ పిడా. శనివారం ఊళ్ళో తుపాకులు కూడా అమ్మే పెద్ద స్పోర్ట్స్ షాపుకు వెళ్తే అక్కడి కుర్రాడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, ఖరీదైనవే చూపించి, వీళ్ళకు అర్థమైందో లేదో చూడకుండా ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. అందుకే ఆదివారం, హైవే పక్కన కర్టిస్ చెప్పిన చిన్న షాపుకు బయల్దేరారు.

షాపులో నూనె వాసన, కాఫీ వాసన కలిసి ఉన్నాయి. కౌంటరు వెనక ఉన్నావిడకు అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారానికి కట్టి మెళ్ళో వేసుకుంది. చొక్కా మీద డార్లీన్ అని పేరు ఉంది. ఏం కావాలని ఆవిడ అడగ్గానే గోపాలం దారిపొడుగునా తయారు చేసుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారి చెప్పేశాడు. ఇంట్లో దొంగ పడ్డాడు, ఇంటి కాపలాకు పంప్ షాట్‌గన్ కావాలి, ఎక్కువ ఖరీదు కాకూడదు.

"మీరే వాడతారా?" అంది డార్లీన్.

"అబ్బే, నాకొద్దు," అన్నాడు గోపాలం నవ్వుతూ. "నా భార్య కోసం. నేను కొనిస్తున్నానంతే."

మనవైపు ఇల్లాలికి చీరైనా గ్రైండరైనా కొనిపెట్టేటప్పుడు మగవాళ్ళు గొప్పగా చెప్పుకునే మాటే అది. డార్లీన్ మొహంలో నవ్వు పోయింది. కాగితం మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకరి కోసమని చెప్పి ఇంకొకరు కొనడం ఈ షాపులో కుదరదనీ, ఎవరిదైతే వాళ్ళే మాట్లాడాలనీ, వాళ్ళే సంతకం పెట్టాలనీ నిదానంగా చెప్పింది. తర్వాత సత్యవేణి వైపు తిరిగింది.

"అయితే మేడమ్, మనిద్దరం మాట్లాడుకుందాం."

సత్యవేణి హంసిక భుజం పట్టుకుని ముందుకు జరిపింది. "నువ్వు చెప్పమ్మా."

స్కూల్లో హాజరు పిలిచినప్పుడు పలకడానికే హంసిక తడబడుతుంది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, కాగితం మీద తప్పులేకుండా రాస్తుంది. నోటి దగ్గరికి వచ్చేసరికే మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అయినా తప్పదు కాబట్టి నిలబడింది.

డార్లీన్ మూడు తుపాకులు తీసి గుడ్డ పరిచిన అద్దం మీద పెట్టింది. మొదటిది వాడింది, చెక్క పిడి, గీతలు పడింది, పన్నెండు గేజ్. రెండోది టర్కీది, కొత్తది, అన్నిట్లోకీ చవక. మూడోది ఇరవై గేజ్, పిడి పొట్టిది, పిల్లలకూ పొట్టివాళ్ళకూ సరిపోయేలా చేసింది.

"పన్నెండు వద్దు, ఇరవై అయితే ఇంకా పెద్దది కదా," అన్నాడు గోపాలం తెలుగులో.

"గేజ్ నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందట నాన్నా," అంది హంసిక, డార్లీన్ చెప్పింది విని.

"నూలు లాగన్నమాట," అంది సత్యవేణి. పెళ్ళికి ముందు ఆవిడ మగ్గం మీద కూర్చున్న మనిషి. "ఎనభయ్యో నంబరు కంటే నూరో నంబరు సన్నం. ఆ సన్నందే చూపించమను."

ముందు పన్నెండు గేజ్ పట్టుకుని చూడమంది డార్లీన్. సత్యవేణి ఎత్తింది. పిడి భుజాన్ని దాటి చంక దగ్గరికి వచ్చింది. ముందు చెయ్యి పంప్ దాకా అందలేదు. పేల్చినప్పుడు వెనక్కి తంతుంది, ఇంత పొట్టి మనిషికి భుజం కమిలిపోతుంది అంది డార్లీన్. టర్కీది తేలిగ్గా ఉంది కాని తేలికైనది ఇంకా గట్టిగా తంతుందట.

"తన్నని తుపాకి లేదా అని అడుగు," అన్నాడు గోపాలం.

"అది అడగను నాన్నా."

మూడోది అమిరింది. సత్యవేణి చెంప పిడికి ఆనింది, చెయ్యి పంప్ దాకా అందింది. డార్లీన్ చూపించినట్టు వెనక్కి లాగి ముందుకు తోసింది. ఖాళీ తుపాకే అయినా ఆ చప్పుడు షాపంతా వినిపించింది. గోపాలం తృప్తిగా తలూపాడు. కర్టిస్ చెప్పిన చప్పుడు ఇదే.

"ఆ చప్పుడును నమ్ముకోకండి," అంది డార్లీన్ అతని మొహం చూసి. "భయపడి పారిపోయేవాళ్ళు ఉంటారు, పారిపోనివాళ్ళూ ఉంటారు. ఇంటి గోడలు ఎలాంటివి?"

గోడ అవతల ఒక ముసలాయన ఉంటాడని, ఆయన దగ్గితే వినిపిస్తుందని హంసిక చెప్పింది. డార్లీన్ పెదవి కొరికింది. గుండు గోడ దాటిపోతుంది, ఏ వైపు తిరిగి నిలబడతారో ముందే ఆలోచించుకోవాలి అంది. పాపం ఆవిడకు అమ్మేయాలన్న తొందర ఉన్నట్టు లేదు. కాఫీ ఒక గుక్క తాగి అడిగింది.

"ఆ రోజు ఎలా వచ్చాడు లోపలికి? తాళం పగలగొట్టా? కిటికీలోంచా?"

హంసిక తల్లికి చెప్పింది. సత్యవేణి తుపాకి గుండెకు ఆనించుకునే, "తలుపు తీసుంది. ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

"తలుపు తీసి ఉంది," అంది హంసిక.

"మర్చిపోయి వదిలేశారా?"

"కాదు. రోజూ తీస్తుంది. సాయంత్రం."

డార్లీన్ కళ్ళజోడు పెట్టుకుని సత్యవేణిని చూసింది. "రోజూనా? ఎవరి కోసం?"

హంసికకు ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచలేదు. దీపమూ, సంధ్యా, గడపా, పసుపూ, వాటిలో ఒక్కదానికీ మాట దొరకలేదు. దొరికిన మాట ఒక్కటే.

"లక్ష్మి కోసం," అంది.

"ఓహో." డార్లీన్ మొహం తేటపడింది. "రోజూ సాయంత్రం వస్తుందా లక్ష్మి?"

"వస్తుంది."

"తలుపు కొట్టి వస్తుందా?"

"లేదు. తీసి ఉంటేనే వస్తుంది."

"లక్ష్మికి తాళంచెవి ఉందా?"

వెనక నుంచి గోపాలం దగ్గాడు. అది దగ్గు కాదు.

"లేదు," అంది హంసిక. అబద్ధం కాదు కదా.

డార్లీన్ చేతులు రెండూ అద్దం మీద పెట్టి ముందుకు వంగింది. ఇప్పుడావిడ గొంతు అమ్మకానిది కాదు. "హనీ, నేను చెప్పేది మీ అమ్మకు ఒక్క మాట పోకుండా చెప్పు. తుపాకి ఉన్న ఇంట్లో, చెప్పకుండా చీకటిపడేవేళ లోపలికొచ్చే మనిషి ఎవరైనా ఉంటే, చివరికి దెబ్బ తగిలేది ఆ మనిషికే. దొంగకు కాదు. భయంలో ఉన్నప్పుడు వచ్చేదెవరో చూసుకోం. ఇది ఇంటికి తీసుకెళ్తే ముందు లక్ష్మికి చెప్పాలి. ఫోన్ చెయ్యకుండా రావొద్దని చెప్పాలి."

"ఏమంటోంది?" అంది సత్యవేణి.

హంసిక మాట పోకుండానే చెప్పింది. "లక్ష్మిని ముందు ఫోన్ చేసి రమ్మని చెప్పాలట. లేకపోతే భయంలో నువ్వు ఆవిడనే కాలుస్తావట."

గోపాలం ఇంక ఆపుకోలేకపోయాడు. అటు తిరిగి, గోడకు తగిలించిన వేట టోపీల వైపు చూస్తూ భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఉండిపోయాడు. "చెప్పమ్మా, లక్ష్మి ఎవరో చెప్పు పాపం ఆవిడకి," అన్నాడు.

హంసిక డార్లీన్ వైపు చూసింది. తుపాకుల మధ్య నిలబడి, ఆ మాటకు ఇంగ్లీషులో ఉన్న పేరు చెప్పడం ఎందుకో సిగ్గనిపించింది. "ఆవిడ చాలా పెద్దది," అంది చివరికి. "చప్పుడు చెయ్యకుండా వస్తుంది."

"మా అత్తగారూ అంతే," అంది డార్లీన్.

సత్యవేణి మాత్రం నవ్వలేదు. చేతిలోని తుపాకిని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. అది ఆవిడకు అమిరింది. బరువు సరిపోయింది, చెయ్యి అందింది, ధరా అందుబాటులోనే ఉంది. రోజూ సాయంత్రం గడప పక్కన కుర్చీలో, తెరిచిన తలుపు కేసి దాన్ని గురిపెట్టి తను కూర్చున్నట్టు ఆవిడకు కనిపించి ఉంటుంది. పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాన్ని గుడ్డ మీద పడుకోబెట్టింది.

"వద్దని చెప్పు. ఆవిడ మంచిమాట చెప్పిందని కూడా చెప్పు."

కారులో ఎక్కాక గోపాలం తాళం తిప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు. ఎదురుగా హైవే మీద లారీలు పోతున్నాయి. హంసిక డబ్బా మూత తీసి ఇద్దరికీ కాగితపు పళ్ళేల్లో పులిహోర పెట్టింది. గోపాలం తినడం మొదలుపెట్టాడు. సగం తిన్నాక అన్నాడు.

"అయితే ఎడిసనేనా? అన్నయ్యకు ఫోన్ చెయ్యనా?"

సత్యవేణి ఎండుమిరపకాయ తీసి పళ్ళెం అంచున పెట్టింది. ఆ నిమిషంలో ఏ మాటొస్తే దాని మీదే తమ ఇల్లు నిలవడమో పోవడమో ఉంటుందని హంసికకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ పెద్దమ్మ వంటగదిలోంచి స్కూలుకు వెళ్ళడం తలుచుకుని, తనకు పెట్టుకోకుండానే డబ్బా మూత వేసేసింది.

"మనం మొదటిసారి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చినప్పుడు," అంది సత్యవేణి ఉన్నట్టుండి, "మీ అన్నయ్య కారు పెడుతుంటే మనం వెళ్ళి బెల్లు కొట్టాం. గుర్తుందా? అక్కయ్య తలుపు ఎంత తీసింది?"

"ఇప్పుడదంతా దేనికి?"

"చెప్పండి. ఎంత తీసింది?"

గోపాలం ఆలోచించాడు. "గొలుసు పెట్టి తీసింది. మొహం కనపడేంత."

"ఆ గొలుసు మనకూ కావాలి."

"గొలుసు దేనికే? ఒక్క తన్ను తంతే ఊడొస్తుంది."

"ఊడేలోపు అరవనూ? నా గొంతు మీకు తెలీనిదా? గోడవతల ముసలాయన కూడా లేచొస్తాడు." ఆవిడ అతని వైపు తిరిగింది. "ఎవడూ పట్టని సందు చాలు నాకు. తలుపు తీసినట్టే కదా. మీ అన్నయ్యగారింట్లో అంత సందులోంచే మనం సూట్‌కేసులతో సహా దూరి రెండేళ్ళు కాపరం చేశాం. లక్ష్మి పట్టదా?"

గోపాలం పళ్ళెం హంసిక చేతికిచ్చి, మూతి తుడుచుకుని, తాళం తిప్పాడు. దారిలో హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆపి అన్నిట్లోకీ లావుపాటి గొలుసు తెచ్చాడు. ఇంటికొచ్చాక పొడుగు మరమేకులు పట్టే దాకా చెక్కకు బెజ్జాలు వేశాడు. ఒక మేకు వంకరపోయింది. ఇంటి ఓనరు చూస్తే ఏమంటాడో అని గొణుక్కుంటూ దాన్నలాగే బిగించాడు. తర్వాత బయటికి వెళ్ళి, భుజంతో తలుపును తన శక్తికొద్దీ రెండుసార్లు తోసి చూసుకున్నాడు. ఎడిసన్‌కు ఫోన్ మాత్రం చెయ్యలేదు.

సోమవారం మధ్యాహ్నం అతను పనికి వెళ్ళిపోయాడు. చలికాలం వస్తోందని దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పినప్పటి నుంచీ దీపాలవేళ స్కూలు నుంచి వచ్చిన కాసేపటికే మీద పడుతోంది. సత్యవేణి దీపం వెలిగించింది. గొలుసు తగిలించి తలుపు లాగింది. బెత్తెడు తెరుచుకుని ఆగింది. ఆ సందులోంచి ఎదురింటి మెట్లు ముక్కగా కనిపించాయి, చల్లటి గాలి సన్నగా లోపలికొచ్చింది. దీపం ఒకవైపుకు వాలింది. ఆవిడ వంటగదిలోకి వెళ్ళలేదు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వీధిలో కారు ఆగిన చప్పుడైనప్పుడల్లా చెయ్యి తలుపు మీదికి పోతోంది, మళ్ళీ ఒళ్ళోకి వస్తోంది. రాత్రికైనా నిద్రపడుతుందో లేదో ఆ మొహం చూస్తే తెలియడం లేదు. కాని కూర్చుంది.

ఫోన్ మోగింది. గోపాలం టీ విరామంలో చేశాడు. వెనక యంత్రాల మోత.

"తలుపు వేశారా?"

హంసిక తలుపు వైపు చూసింది. తల్లి వైపు చూసింది.

"వేసే ఉంది, తీసే ఉంది అని చెప్పు," అంది సత్యవేణి.

హంసిక అదే చెప్పింది.

"ఎంత తీసుంది?"

హంసిక లేచి వెళ్ళి ఆ సందులో చెయ్యి పెట్టి చూసింది. "నా చెయ్యి పడుతోంది నాన్నా. మోచెయ్యి దాకా."

"సరే. చలి పెడుతుంది," అన్నాడు గోపాలం. "మీ అమ్మని స్వెట్టర్ వేసుకోమను."